కొండపల్లి అంబారీ ఏనుగు

తెలుగువారి ఇండ్లలో సంక్రాంతినాడు తీర్చే బొమ్మల కొలువును చూసినవారికి అంబారీ ఏనుగు సుపరిచితమే. దశావతారాల సరసన, తాడిచెట్టు ఎక్కే కల్లుగీత కార్మికుని పక్కన అది ఠీవిగా నిలిచి ఉంటుంది. వీపుమీద పైకప్పు గల ఆసనం, అందులో రాజు, మెడమీద అంకుశధారియైన మావటి. పూజామందిరానికి అంత దగ్గరగా నిలిచిన ఈ బొమ్మ ఏ సంప్రదాయానికి చెందినదని ప్రశ్నించుకొంటే సమాధానం అంత సులభం కాదు.

విజయవాడకు సమీపమున ఉన్న కొండపల్లి దుర్గాన్ని రెడ్డిరాజులు, గజపతులు, కృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు వరుసగా ఏలినారు. 1687లో గోలకొండ పతనానంతరం అది మొగలుల వశమై, 1766లో ఆంగ్లేయుల చేతిలో పడినది. ముస్లిం పాలనలో ఈ సర్కారుకు ముస్తఫానగర్ అనే పేరు కూడా ఉండేది. బొమ్మలు చేసే ఆర్యక్షత్రియులు తమ పూర్వులు రాజస్థానము నుంచి వచ్చినారని చెప్పుకొంటారు. వారు కొలిచేది ముక్తర్షిని. వారి ఉలి మలచినది మాత్రం తమ ఊరి దారిన సాగిన అందరి వైభవాన్నీ.

ఏనుగునెక్కి రాజు ఊరేగుట ఈ దేశంలో అతి ప్రాచీనమైన ఆచారం. కనుక అంబారీ ఏనుగును కేవలం ‘ముస్లిం ప్రభావం’ అని తేల్చివేయుట సరికాదు. అయితే ఆ మంటపపు తీరు మొగలు, దక్కను దర్బారు చిత్రాలను తప్పక స్ఫురింపజేస్తుంది. అసలు సాక్ష్యం మాటలలో ఉన్నది. అరబ్బీ మూలమైన ‘అమారీ’ శబ్దం పారశీక, ఉర్దూల మీదుగా వచ్చి తెలుగువారి నోట ‘అంబారీ’ అయినది. దాని తోడి పదమైన ‘హౌదా’ అరబ్బీలో ‘హౌదజ్’. ఎడారిలో ఒంటెమీద కట్టే పల్లకి. మన దేశంలో అది ఏనుగు మీదికి ఎక్కినది! ఇక మావటిని ఉర్దూలో ‘మహావత్’ అంటారు. ఆ రెండు మాటలకూ మూలం సంస్కృత ‘మహామాత్ర’ శబ్దమే. అనగా తెలుగువాడు ఆసనాన్ని అరబ్బీ మాటతోను, ఉర్దూ మాట్లాడేవాడు ఏనుగును తోలేవానిని సంస్కృతపు మాటతోను పిలుస్తున్నారు. మన తరగతి గదులలో ఈ రెండు భాషలూ పక్కపక్కనే వినిపిస్తున్నా, ఈ సంగతి మనలో ఎందరికి తెలుసు?

నిర్మల్ బొమ్మల విషయమూ ఇటువంటిదే. అక్కడి కళాకారుల పేరైన ‘నకాషీలు’ అరబ్బీ ‘నక్కాష్’ నుంచి వచ్చినది. చిత్రించువాడు, చెక్కువాడు అని అర్థం.

కొండపల్లి ఏనుగును ఒకే దుంగలో చెక్కరు. తెల్లపొణికి అనే మిక్కిలి తేలికైన మెత్తని కొయ్యను ఆరబెట్టి, సన్నని సెగకు తేమ పోనిచ్చి, కాళ్ళు, తొండం, చెవులు, అంబారీ, మావటి వేర్వేరుగా మలచి అతుకుతారు. చింతగింజల పిండిని రంపపుపొట్టుతో కలిపి చేసిన ‘మక్కు’తో సందులు పూడ్చి, రూపం తీరుస్తారు. ఆపై సున్నపు పూత, దానిపై రంగులు. పూర్వం చెట్టుచేమల నుంచి తీసిన రంగులు వాడేవారు. తరువాత ఎనామెల్ రంగులు వచ్చినవి. వీటి తళతళ అంగడిలో కన్నులకు ఇంపుగానే ఉంటుంది కాని, పాత రంగుల నెమ్మదితనం వేరు. కొందరు తిరిగి సహజమైన రంగుల వైపు మళ్ళుట సంతోషకరం.

ఈ కళకు భౌగోళిక గుర్తింపు లభించినది. కాని గుర్తింపు పత్రం కొయ్యను మొలిపించలేదు. చుట్టుపక్కల కొండలలో తెల్లపొణికి అరుదై, పనివారు దాని కొరకు దూరం వెతకవలసి వస్తున్నది. ఒక్కొక్క బొమ్మకు పట్టే దినాలను లెక్కించి వెల చెబితే కొనేవారు బేరమాడతారు. ఈ కష్టం చూసిన యువకులు ఇతర ఉద్యోగాలు వెతుక్కొంటే వారిని తప్పుపట్టలేము.

కళాశాల కమిటీవారికి ఒక మనవి. వార్షికోత్సవ అతిథులకు ఇచ్చే ప్లాస్టిక్ జ్ఞాపికలకు బదులు ఈ ఏనుగులను నేరుగా పనివారి వద్దనే, బేరమాడకుండా కొనవచ్చును. విహారయాత్ర విజయవాడకు సాగినప్పుడు విద్యార్థులను దుర్గం చూపి తిరిగి తీసుకొనిరాక, బొమ్మలు చేసే వీధికి కూడా తీసుకొనిపోవలెను. అక్కడ రంగు పూయని ఏనుగును ఒకసారి చేత పట్టి చూడండి. మక్కు పెట్టిన అతుకులు అప్పుడే కనిపిస్తాయి.