ర్యాంకు అడగని పరీక్ష: డేటా సైన్స్ ప్రవేశానికి తొలి నాలుగు వారాలు

మా సాయంకాలపు ఉచిత తరగతికి వచ్చే పిల్లల్లో చాలామందికి ఇంటర్ తర్వాత రెండు దారులే తెలుసు. ర్యాంకు వస్తే ఇంజనీరింగ్, రాకపోతే దొరికిన డిగ్రీ. మద్రాసు ఐఐటీలో జేఈఈ లేకుండా చేరవచ్చని చెబితే తల్లిదండ్రులు మొదట నమ్మలేదు. ఈ సొసైటీ దాతల్లో కూడా కొందరు అదే ప్రశ్న అడిగారు. అందుకే ఈ పాఠం.

ఆ సంస్థ 2020లో డేటా సైన్స్‌లో ఆన్‌లైన్ డిగ్రీ ప్రారంభించింది. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా ఫరవాలేదు. పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లీషు చదివి ఉండాలి. దరఖాస్తు చేసిన వారికి నాలుగు వారాలు పాఠాలు చెబుతారు. సబ్జెక్టులు నాలుగు: ఇంగ్లీషు, గణితం, గణాంక శాస్త్రం, కంప్యుటేషనల్ థింకింగ్. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లలో నిర్ణీత మార్కులు వస్తేనే ప్రవేశ పరీక్ష రాయనిస్తారు. ఆ పరీక్షను కేంద్రానికి వెళ్లి రాయాలి. జనరల్ విభాగంలో ఒక్కో సబ్జెక్టులో 40 శాతం, మొత్తం మీద 50 శాతం రావాలి. రిజర్వేషన్ వర్గాలకు ఇంకా తక్కువ. అన్ని మార్కులు వచ్చిన ప్రతివారికీ ప్రవేశం ఉంటుంది. పక్కవాడికి ఎక్కువ వచ్చినందువల్ల మన పిల్లవాడి సీటు పోదు.

మేము చేసిన పొరపాటు

మొదటిసారి ఐదుగురిని చేర్చాం. "వీడియోలు చూడండి, సూత్రాలు రాసుకోండి" అని చెప్పి ఊరుకున్నాం. ఒక అమ్మాయి ఇంట్లో ఉన్నది ఒకే ఫోను. ఆటో నడిపే వాళ్ల నాన్న దాన్ని పొద్దున్నే పట్టుకెళ్లి రాత్రి పదింటికి తెచ్చేవారు. అప్పటికి నెట్ బ్యాలెన్స్ ఉండేది కాదు. అసైన్‌మెంట్ల గడువు దాటిపోయింది, పరీక్ష రాసే అర్హత పోయింది. ఒక అబ్బాయిదీ అదే కథ. అమ్మాయికి తెలివి తక్కువై కాదు. ఫోను ఎవరి దగ్గర ఉంటుందో మేము అడగలేదు, గడువు తేదీలు గోడ మీద రాయలేదు. తర్వాతి టర్ములో ఆమె సొసైటీ ల్యాప్‌టాప్ మీద మళ్లీ చదివి పాసయింది. ఆ అబ్బాయి మాత్రం అప్పటికే దుకాణంలో పనికి కుదిరాడు. తిరిగి రాలేదు.

కొత్తవారికి ఎలా మొదలుపెట్టాలి

ఇప్పుడు మేము మొదటి వారం కంప్యూటర్ తెరవం. కిరాణా బిల్లుల కట్ట ఒకటి ముందు పెడతాం. అన్నిటికంటే పెద్ద బిల్లు ఏదో కనిపెట్టమంటాం. కాగితం మీద 0 వేసుకోవాలి. ఒక బిల్లు తీయాలి. దాని మొత్తం కాగితం మీది అంకె కంటే ఎక్కువైతే పాతది కొట్టేసి కొత్తది రాయాలి. బిల్లును పక్కన పెట్టి ఇంకోటి తీయాలి. కట్ట అయిపోయేసరికి జవాబు కాగితం మీద ఉంటుంది. కంప్యూటర్ చేసేదీ ఇదే. తర్వాత ఒక ప్రశ్న వేస్తాం: ఇదే పద్ధతిలో లద్దాఖ్‌లోని ద్రాస్‌లో చలికాలపు రాత్రుల ఉష్ణోగ్రతల్లో గరిష్ఠం కనుక్కోగలరా? అక్కడ అన్నీ సున్నాకు దిగువనే ఉంటే కాగితం మీద 0 అలాగే మిగిలిపోతుంది, జవాబు తప్పు. మొదటి అంకెతోనే మొదలుపెట్టాలని పిల్లలే కనిపెడతారు. అలా తామే కనుక్కున్నది పరీక్షలో మరచిపోరు.

రెండో వారం గణాంకాలు. ఏడు ఇళ్ల నెల ఆదాయం వేలల్లో 9, 10, 10, 11, 12, 13, 75 అనుకుందాం. మొత్తం 140, సగటు 20. కానీ ఆరిళ్లలో ఒక్కదానికీ 20 వేలు లేవు. వరుసలో నడుమ ఉన్న మధ్యగతం 11. ఆ వీధి సంగతి సరిగా చెప్పేది ఇదే. ఒక్క పెద్ద అంకె సగటును ఎలా లాగేసిందో చూసిన పిల్లలు సూత్రం బట్టీ పట్టనక్కర్లేదు. సహాయం ఎవరికి అందాలో నిర్ణయించే కమిటీలకు కూడా ఈ లెక్క పనికొస్తుంది.

గణితంలో సరళరేఖలు, వర్గ సమీకరణాలు పాత పాఠాలే. సైన్సు గ్రూపు చదవని వారికి పదో తరగతి పుస్తకం మళ్లీ తెరిపిస్తాం. బోధన అంతా ఇంగ్లీషులో ఉంటుంది కనుక, తెలుగు, ఉర్దూ మీడియం పిల్లలతో రోజూ ఒక ప్రశ్నను బిగ్గరగా చదివించి అర్థం చెప్పిస్తాం. చివరి వారం పాత అసైన్‌మెంట్లు గడియారం పెట్టి చేయిస్తాం.

దాతలు చేయగలిగింది

ఏడాదికి మూడు టర్ములు: జనవరి, మే, సెప్టెంబరు. మనకు విరాళాలు ఎక్కువగా రంజాన్‌లో వస్తాయి, దరఖాస్తు గడువులు వేరే నెలల్లో పడతాయి. అందువల్ల ఫీజుల కోసం కొంత మొత్తం విడిగా అట్టేపెట్టమని కోరుతున్నాం. వర్గాన్ని, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు రాయితీ ఉంది. ఆ ధ్రువపత్రాలు ముందుగా తీయించడానికి ఆఫీసుల చుట్టూ తిరిగే ఒక మనిషి కావాలి. మగ్రిబ్ తర్వాత రెండు గంటలు నెట్ ఉన్న గది, రెండు మూడు ల్యాప్‌టాప్‌లు, ఆడపిల్లల్ని ఇంటిదాకా దింపే ఏర్పాటు కావాలి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మన యువకులు ఆదివారం ఒక గంట వస్తే చాలు.

దుకాణదారులైన దాతలకు ఇంకో మనవి. పాత బిల్లులు పారేయకండి. కొన్నవారి పేర్లు, ఫోను నంబర్లు కొట్టేసి మాకు పంపండి. మా మొదటి వారం పాఠ్యపుస్తకం అదే.