కేస్ షీట్‌ను మళ్లీ తెరిచే ఉద్యోగం

ఖమ్మం దగ్గరి పల్లె నుంచి వైద్యానికి హైదరాబాద్ వచ్చిన ఒక తల్లిని ఆసుపత్రి కౌంటర్లో చిరునామా అడిగితే, తాను దిగిన కొడుకింటి చిరునామా చెబుతుంది. ఆమె అబద్ధమాడలేదు. కానీ ఒక ప్రాంతంలోని క్యాన్సర్ కేసులన్నిటినీ నమోదు చేసే క్యాన్సర్ రిజిస్ట్రీలో అది అలాగే ఎక్కితే హైదరాబాద్ జిల్లా లెక్క తప్పుతుంది. జబ్బు బయటపడే నాటికి కనీసం ఏడాదిగా ఆ ప్రాంతంలో ఉంటున్నవారినే అక్కడి కేసుగా రాయాలన్నది జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం నియమం. "ఎన్నాళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నారమ్మా?" అని అడిగేవారు, ఆ జవాబును తర్వాత సరిచూసేవారు ఇద్దరూ ఈ రంగంలో ఉద్యోగులే.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఈ కార్యక్రమాన్ని 1981లో మొదలుపెట్టింది. 2022లో దేశంలో సుమారు 14.6 లక్షల కొత్త క్యాన్సర్ కేసులు వచ్చి ఉంటాయన్న అంచనాకు ఈ రిజిస్ట్రీలే ఆధారం. అవి ఉన్నది కొన్ని జిల్లాల్లోనే. కాబట్టి ఒక రిజిస్ట్రీలో దొర్లిన తప్పు దేశపు అంచనా దాకా పాకుతుంది. ఖచ్చితత్వాన్ని పరీక్షించేవారు అవసరమయ్యేది ఇందుకే.

పని ఎలా ఉంటుంది? ఇప్పటికే నమోదైన కేసుల్లోంచి కొన్నింటిని యాదృచ్ఛికంగా తీస్తారు. మొదటి ఉద్యోగి ఆ క్యాన్సర్‌కు ఏ కోడ్ వేశారో చూడకుండా, మరొకరు కేస్ షీట్‌ను మొదటి నుంచి చదివి కొత్తగా కోడ్ వేస్తారు. ఆ తర్వాత రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. రొమ్ము క్యాన్సర్ కాలేయానికి పాకిన రోగి ఉందనుకోండి. చివరి బయాప్సీ కాలేయానిదే కావడంతో మొదటివారు కాలేయ క్యాన్సర్ కోడ్ సి22 వేసి ఉండవచ్చు. మూడేళ్ల కిందటి ఆపరేషన్ నోట్సు చదివినవారికే అది సి50, అంటే రొమ్ము, అని తెలుస్తుంది. పురుషుడికి గర్భాశయ క్యాన్సర్ అని రాస్తే కంప్యూటర్ పట్టేస్తుంది. ఈ తప్పును మాత్రం ప్రోగ్రామ్ పట్టుకోవడం కష్టం. రెండు కోడ్లూ చెల్లుబాటయ్యేవే మరి.

గణాంకాలు చదివినవాళ్లకు ఇక్కడ ఇంకో ఆసక్తికరమైన చిక్కుంది. కణాలను సూక్ష్మదర్శినిలో చూసి నిర్ధారించిన కేసుల శాతం ఎక్కువగా ఉంటే డేటా నమ్మదగిందని లెక్క. కానీ అది మరీ నూటికి దగ్గరగా వచ్చిందంటే అనుమానించాలి. సిబ్బంది ల్యాబులకే వెళ్లి ఆగిపోయారేమో, స్కాన్ చూసి నిర్ధారించిన మెదడు, క్లోమం క్యాన్సర్లున్న వృద్ధులు లెక్కలోంచి జారిపోయారేమో వెతకాలి. మరణ ధ్రువపత్రం ద్వారా మాత్రమే తెలిసిన కేసుల సంగతీ అంతే. ఆ శాతం తక్కువగా ఉండటం మంచిదే, అయితే ధ్రువపత్రాలు సరిగా అందే చోటే ఆ మాటకు విలువ. మన దేశంలో 2020లో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఒక అంకెను మెచ్చుకునే ముందు అది ఎలా వచ్చిందో అడగడం ఈ వృత్తి నేర్పే గొప్ప అలవాటని నా నమ్మకం.

ఇక పేర్లు. వెంకటలక్ష్మి ఒక ఆసుపత్రిలో వి. లక్ష్మి, ఇంకోచోట ఇంటిపేరుతో లక్ష్మమ్మ. ముగ్గురూ ఒకరేనా అన్నది తేల్చడానికి తెలుగు పేర్ల తీరు తెలిసినవాళ్లే కావాలి.

సైన్స్ డిగ్రీ, మెడికల్ రికార్డ్స్ కోర్సు, ఎంఎస్‌డబ్ల్యూ, స్టాటిస్టిక్స్, ఎంపీహెచ్... ఏ దారిలోంచైనా ఇటు రావచ్చు. ఒక్క మాట ముందే చెప్పాలి: మన దగ్గర ఈ పోస్టుల్లో చాలావరకు ప్రాజెక్టు కింద ఒప్పంద పద్ధతివే. అది తెలిసే దిగండి. క్యాన్సర్లకు కోడ్ వేసే అంతర్జాతీయ పద్ధతి ఐసీడీ-ఓను నేర్చుకోండి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఉచితంగా ఇచ్చే క్యాన్‌రెగ్5 సాఫ్ట్‌వేర్ మీద చేయి తిరిగేలా సాధన చేయండి. అమెరికాలో ఈ వృత్తికి ప్రత్యేక ధ్రువీకరణ పరీక్ష ఉంది. 2024 నుంచి అందులో నెగ్గినవారిని ఆంకాలజీ డేటా స్పెషలిస్ట్ అని పిలుస్తున్నారు.

వచ్చే సెలవుల్లో ఒక నెలపాటు దగ్గరి పెద్దాసుపత్రి రికార్డుల విభాగంలో పని నేర్పమని అడిగి చూడండి. వందో కేస్ షీట్‌ను కూడా మొదటి పేజీ నుంచే చదవాలని మీకు అనిపిస్తే, ఉద్యోగ నోటిఫికేషన్ కోసం ఎదురుచూడొచ్చు.