కంప్యూటరు పాఠం: ఒకే లెక్కను నాలుగు చోట్ల రాయకండి



మీలో డిప్లొమా, బి.సి.ఎ., ఎం.సి.ఎ. చదివేవారు చివరి సంవత్సరంలో ఒక ప్రాజెక్టు చేయాలి. చాలామంది పి.హెచ్.పి.లో ఒక వెబ్‌సైటు తయారుచేస్తారు. ఈ పాఠానికి మనందరికీ తెలిసిన పనినే ఉదాహరణగా తీసుకుందాం: స్కాలర్‌షిప్ దరఖాస్తుల వెబ్‌సైటు. దాన్ని కోడ్‌ఇగ్నైటర్ ఫ్రేమ్‌వర్క్‌లో చేస్తున్నారనుకోండి. ఈ ఫ్రేమ్‌వర్క్ 2006లో మొదటిసారి వచ్చింది. 2020లో విడుదలైన నాలుగవ వెర్షన్ ప్రకారం ఈ పాఠం రాశాం. ఫైళ్ళ పేర్లు, ఫంక్షన్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చినా, మీరు కంప్యూటరులో ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి.

చిక్కు ఎక్కడ వస్తుంది?

మన ఉదాహరణలో నియమం ఇది: 60 శాతం, లేదా అంతకంటే ఎక్కువ వచ్చినవారే అర్హులు. కర్ణాటక ఎస్.ఎస్.ఎల్.సి.కి మొత్తం 625 మార్కులు, తమిళనాడు పదవ తరగతికి 500. అందుచేత ముందుగా శాతం కట్టాలి. మీరు దరఖాస్తు పేజీ రాసేటప్పుడు ఆ లెక్క అక్కడే రాశారు. నెల తర్వాత జాబితా పేజీలో మళ్ళీ రాశారు. మొదటిచోట 'రౌండ్' ఫంక్షన్‌తో శాతాన్ని పూర్ణసంఖ్య చేశారు. రెండవచోట ఆ సంగతి మరచిపోయారు.

ఒక అమ్మాయికి 625కి 374 వచ్చాయి. అసలు శాతం 59.84. దరఖాస్తు పేజీ "60 శాతం, మీరు అర్హులు" అంది. తీరా జాబితాలో ఆమె పేరు లేదు. ఆ డబ్బుతో ఫీజు కట్టవచ్చునని ఆశపడిన ఇంట్లో ఆ రోజు ఎలా ఉంటుందో తల్లిదండ్రులకు మేము చెప్పనక్కరలేదు. తప్పు అమ్మాయిది కాదు, కమిటీదీ కాదు. ఒకే లెక్కను రెండు రకాలుగా రాసినవారిది.

హెల్పర్ అంటే ఏమిటి?

మన వంటింట్లో పోపుల డబ్బా ఉంటుంది. పప్పుకైనా, పులుసుకైనా, పచ్చడికైనా ఆవాలు అందులోంచే తీస్తాం. హెల్పర్ ఫైలు కూడా అలాంటిదే. పలు పేజీలకు అవసరమయ్యే చిన్న ఫంక్షన్లను ఒకచోట ఉంచి, ఏ పేజీకి కావాలన్నా అక్కడినుంచే పిలుస్తాం. నియమం మారితే ఒక్కచోట దిద్దితే చాలు.

తయారుచేసే పద్ధతి

1. 'యాప్' ఫోల్డరులోని 'హెల్పర్స్' ఫోల్డరులో 'మార్క్స్_హెల్పర్' అనే పి.హెచ్.పి. ఫైలు తెరవండి. ఫైలు పేరు చివర '_హెల్పర్' తప్పక ఉండాలి.

2. అందులో రెండు ఫంక్షన్లు రాయండి. 'మార్క్స్_శాతం' చూపడానికి మాత్రమే. రెండు దశాంశాలతో 59.84 అని ఇస్తుంది. 'మార్క్స్_అర్హత' నిర్ణయానికి, అవును, కాదు అని మాత్రమే చెబుతుంది.

3. నిర్ణయానికి సవరించిన శాతాన్ని వాడకండి. మార్కులను 100తో, మొత్తాన్ని 60తో గుణించి పోల్చండి. 374ను 100తో గుణిస్తే 37,400. 625ను 60తో గుణిస్తే 37,500. మొదటిది తక్కువ, కాబట్టి అర్హత లేదు. దశాంశాల గొడవే ఉండదు. సవరించాలని కమిటీ తర్వాత నిర్ణయిస్తే ఈ ఒక్క ఫంక్షన్ మార్చితే సరి.

4. కంట్రోలర్‌లో 'హెల్పర్' ఫంక్షన్‌కు 'మార్క్స్' అనే పేరు ఇచ్చి ఫైలును తెచ్చుకోండి. ఇక్కడ '_హెల్పర్' అనే తోక రాయనక్కరలేదు. అన్ని పేజీలకూ కావాలంటే, 4.3 వెర్షన్ నుంచి 'కాన్ఫిగ్' ఫోల్డరులోని 'ఆటోలోడ్' ఫైలులో ఉన్న 'హెల్పర్స్' జాబితాలో ఆ పేరు చేర్చవచ్చు.

గుర్తుంచుకోవలసినవి

ఒక్కో విషయానికి ఒక్కో ఫైలు. మార్కులకు ఒకటి, డబ్బుకు ఒకటి. అన్నిటినీ 'కామన్' అనే ఒకే ఫైలులో పోస్తే, ఆవాలూ జీలకర్రా కలిపేసిన డబ్బాలా వెతుక్కోవలసివస్తుంది.

ఒకే పేరుతో రెండు ఫంక్షన్లు ఉంటే పి.హెచ్.పి. పని ఆపేస్తుంది. అందుకని ప్రతి ఫంక్షన్‌కు ముందు 'ఫంక్షన్_ఎగ్జిస్ట్స్' అని పరీక్షించడం ఆనవాయితీ. కానీ దీనివల్ల రెండవది చప్పుడు లేకుండా పక్కకు పోతుంది. కనుక పేరుకు ముందు 'మార్క్స్_' వంటి గుర్తు పెట్టడం మంచిది.

హెల్పర్ తనకు కావలసినవి పిలిచినవారి దగ్గర తీసుకొని జవాబు తిరిగి ఇవ్వాలి. తానే డేటాబేసులోకి వెళ్ళకూడదు, తానే తెరపై ముద్రించకూడదు. డేటాబేసు పని మోడల్‌ది, చూపించే పని వ్యూది.

డబ్బుకూ ఇదే పద్ధతి. పి.హెచ్.పి.లోని 'నంబర్_ఫార్మాట్' లక్షన్నరను 150,000 అని చూపిస్తుంది. మనకు 1,50,000 కావాలి. కోడ్‌ఇగ్నైటర్ 4కు 'ఇంట్ల్' ఎక్స్‌టెన్షన్ ఎలాగూ ఉండాలి. అందులోని 'నంబర్‌ఫార్మాటర్'కు భారతదేశపు ఇంగ్లీషు లొకేల్ ఇస్తే కామాలు మన పద్ధతిలో పడతాయి. ఆ పని కూడా ఒక్క హెల్పర్‌లోనే పెట్టండి.

అభ్యాసం

'మార్క్స్_అర్హత'ను ఈ సంఖ్యలతో పరీక్షించండి: 625కి 375 (ఉంది), 625కి 374 (లేదు), 500కి 300 (ఉంది), 500కి 299 (లేదు). చివరగా మొత్తం 0, మార్కులు 0 ఇచ్చి చూడండి. మూడవ అంశంలోని లెక్క ప్రకారం రెండు వైపులా 0 వచ్చి "అర్హత ఉంది" అంటుంది! కాబట్టి మొత్తం 0 కంటే ఎక్కువేనా అని ముందే అడగాలి. 'మార్క్స్_శాతం'లో కూడా అడగాలి. లేకపోతే 0తో భాగించినందుకు పి.హెచ్.పి. 8 ఎర్రర్ ఇస్తుంది. ఇలాంటి పొరపాటు నాలుగు పేజీల్లో ఉంటే నాలుగుసార్లు దిద్దాలి. హెల్పర్‌లో ఉంటే ఒక్కసారి దిద్దితే చాలు.

తల్లిదండ్రులకు ఒక మాట

మీకు కంప్యూటరు రాకపోయినా పరవాలేదు. ప్రాజెక్టు చేస్తున్న మీ అమ్మాయిని, అబ్బాయిని ఈ ఒక్క ప్రశ్న అడగండి: "నియమం రేపు మారితే ఎన్నిచోట్ల దిద్దాలి?" "ఒక్కచోటే" అన్న జవాబు వస్తే పని శుభ్రంగా చేస్తున్నారని సంతోషించండి. "చూడాలి" అంటే ఈ పాఠం వారి చేతికివ్వండి.