కల్లు మానినోళ్లు పనిలోకి దిగేటప్పుడు

ఆస్పత్రి డిశ్చార్జ్ కాగితం చేతికి రాగానే ఇంట్లో అడిగే మాట ఒకటే: "పనికి ఎప్పుడు పోతవు?" కోడేరు వైపు కూలీ మీద బతికే ఇంట్లో అది తప్పని ప్రశ్న. పనికి పోండి. ఏ పనికి, ఎప్పుడు అన్నది మాత్రం తేల్చుకుని పోండి.

మన దగ్గరి మందు కల్లులో కలిపేది ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి. 2015లో మందు కల్లు మీద దాడులు జరిగి అది ఆగినప్పుడు ఏమైందో పాలమూరు చూసింది: చేతుల వణుకు, వింత మాటలు, ఫిట్స్. అందుకే డాక్టర్లు మాత్రలిచ్చి డోసు మెల్లగా తగ్గిస్తారు. మాత్రలు నడుస్తున్నన్నాళ్లు మగత ఉంటుంది. డాక్టర్ సరే అనేదాకా సెంట్రింగ్ ఎక్కకండి, ట్రాక్టర్, ఆటో నడపకండి. కూలీ వంద తక్కువైనా కింద చేసే పని అడగండి. కల్లు లేదు కదా అని క్వార్టర్ జోలికి పోకండి. ఈ మాత్రల మీద మందు పడితే ఊపిరికే ముప్పు.

ఎక్కువమంది జారేది నిద్ర దగ్గర. వారాల తరబడి కంటి మీద కునుకుండదు. ఓర్వలేక మెడికల్ షాపులో నిద్రమాత్ర అడుగుతారు. కల్లు దుకాణం గడప తొక్కలేదు కదా అనుకుంటారు గానీ, చాలాసార్లు కల్లులో కలిపే సరుకూ అదే. సులువుగా దొరుకుతుంది కదా అని నైట్ వాచ్‌మన్ డ్యూటీ కూడా ఒప్పుకోవద్దు. జీవన నాణ్యతను కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన 26 ప్రశ్నల్లో నిద్ర, పనిచేసే శక్తి, చేతిలో డబ్బు, ఆదుకునే మనుషులు, అన్నీ ఉన్నాయి. మనవాళ్లు చూసేది తాగాడా లేదా అన్నదొక్కటే.

ఇక అడ్వాన్సు. ఒక తాపీమేస్త్రీ గుంపు మేస్త్రీ దగ్గర 30,000 తీసుకున్నాడనుకుందాం. ఆ గుంపు మేస్త్రీ ఈ వారమే పుణె బండెక్కమంటాడు. ఎక్కితే రివ్యూ తప్పుతుంది, అక్కడ మాత్రలు అయిపోతాయి, లేబర్ క్యాంపులో ఫిట్స్ వస్తే చూసేవాడుండడు. ఎక్కనంటే ఇంటి మీదికొస్తాడు. అందుకే డిశ్చార్జ్‌కు ముందే ఇంటి పెద్దను వెంటబెట్టుకుని మేస్త్రీతో మాట్లాడండి: డోసు పూర్తయ్యేదాకా ఊళ్లోనే పని, వారం వారం కొంత జమ, ఆ తర్వాతే ప్రయాణం. జమ చేసిన ప్రతిసారీ నోట్‌బుక్కులో సంతకం పెట్టించుకోండి. నోటిమాట లెక్క మనకెప్పుడూ కలిసిరాలేదు.

పనిచ్చేవాళ్లు సర్టిఫికెట్ అడిగితే "చికిత్సలో ఉన్నారు" అని రాయించుకుంటే చాలు. మీ జబ్బు వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది. వణుకు మళ్లీ మొదలైతే పని ఆపి ఆస్పత్రికి పోండి. రాత్రి మనసు కల్లు వైపు లాగితే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.