మేడల ఎత్తు, వీధి సందడి

సికింద్రాబాద్‌లో క్లాక్ టవర్ ఉంది. అంటే గడియార స్తంభం. దాన్ని 1897లో ప్రారంభించారు. దాని ఎత్తు 120 అడుగులు. ఇప్పటి లెక్కలో సుమారు 12 అంతస్తుల మేడ అంత. ఆ రోజుల్లో ఇంటింటా గడియారాలు లేవు. దూరం నుంచి కూడా టైము కనిపించాలి. అందుకని ఆ ఎత్తుకు ఒక పని ఉండేది.

ఇప్పుడు హైదరాబాద్‌కు పడమటి వైపు, కోకాపేట దిక్కు వెళితే 50 అంతస్తులు దాటిన మేడలు కనిపిస్తాయి. దూరం నుంచి చూస్తే అబ్బా అనిపిస్తుంది. టీవీలో నగరం అంటే ఆ మేడల వరుసనే చూపిస్తారు. మరి అలాంటి మేడ కింద నిలబడి చూస్తే ఏముంటుంది? చాలా చోట్ల పొడుగాటి ప్రహరీ గోడ ఉంటుంది. ఒక గేటు ఉంటుంది. కొత్తిమీర కట్ట కావాలన్నా బండి ఎక్కాలి.

మోండా మార్కెట్ సంగతి చూడండి. కూరగాయలు, ఆకుకూరలు, పూలు అక్కడ దొరుకుతాయి. నాలుగు అడుగులు వేస్తే జనరల్ బజార్. చీరలు, జాకెట్ గుడ్డలు, గాజులు అక్కడ ఉంటాయి. పక్కనే పాట్ మార్కెట్‌లో వెండి, బంగారం. ఒక్కసారి బయలుదేరితే మూడు పనులు అవుతాయి. ఆటో ఖర్చు లేదు. గంప నిండా నిమ్మకాయలతో వచ్చిన అవ్వ కూడా ఒక మూల కూర్చుని అమ్ముకోగలదు. ఆమెకు దుకాణం అద్దె కట్టే పని లేదు.

అన్నీ బాగున్నాయని కాదు. వానొస్తే బురద. సందుల్లోకి స్కూటర్లు దూరతాయి. ఆడవాళ్లు మరుగుదొడ్డి కోసం వెతుక్కోవాలి. ఇవి బాగు చేయాల్సిన పనులే. అందుకోసం బజారునే తీసేస్తారా?

గోడలు ఎందుకు వచ్చాయి? 2006లో ప్రభుత్వం 86వ నంబరు జీవో ఇచ్చింది. ఇంత స్థలంలో ఇంతకు మించి కట్టకూడదు అనే పాత లెక్కను తీసేసింది. రోడ్డు వెడల్పును బట్టి, చుట్టూ వదిలే ఖాళీని బట్టి ఎత్తు కట్టుకోవచ్చు అంది. మేడ ఎత్తు పెరిగే కొద్దీ చుట్టూ ఎక్కువ ఖాళీ వదలాలి. మంటలు లేస్తే ఫైరింజను తిరగాలి కదా. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచాయి. పొగకు ఊపిరాడక ఆరుగురు చనిపోయారు. కాబట్టి ఖాళీ అవసరమే. కానీ ఆ ఖాళీకి బయట గోడ కడతారు. గోడకు అరుగు ఉండదు, దుకాణం ఉండదు, మనిషి ఉండడు.

రాత్రి తొమ్మిదింటికి పని నుంచి వచ్చే ఆడమనిషి ఏ దారిన వస్తుంది? గోడ పక్కనా, దుకాణాల ముందా?

అమెరికాలో జేన్ జేకబ్స్ అనే ఆమె ఇదే అడిగింది. ఆమెకు కాలేజీ డిగ్రీ లేదు. న్యూయార్క్‌లో తన వీధిని రోజూ చూసింది. 1961లో పుస్తకం రాసింది. దుకాణదారులు, కిటికీలో కూర్చున్న వాళ్లు, నడిచే వాళ్లు అందరూ చూస్తూ ఉంటేనే వీధికి భద్రత అని చెప్పింది. మన గల్లీల్లో అరుగు మీద కూర్చున్న ముసలమ్మ చేసే పని అదే. "ఎవరింటికి బాబూ?" అని కొత్తవాణ్ని అడిగేది ఆమే.

రెండో అంతస్తు నుంచి కూరగాయలామెను పిలవవచ్చు. తాడు కట్టి బుట్ట దించవచ్చు. ఇరవయ్యో అంతస్తు నుంచి పిలిస్తే ఎవరికి వినపడుతుంది? ఎత్తు మేడ కట్టినా, కింది అంతస్తులో వీధి వైపు దుకాణాలు పెట్టవచ్చు. వెడల్పయిన ఫుట్‌పాత్ వేయవచ్చు.

వీధిలో అమ్ముకునే వాళ్ల కోసం 2014లో చట్టం వచ్చింది. ఊరి కమిటీలో ప్రతి 10 మందికి కనీసం నలుగురు వీధి వ్యాపారులే ఉండాలి. ఆ వ్యాపారుల్లో మూడో వంతు ఆడవాళ్లు. 50 ఏళ్లకు పైగా నడుస్తున్న సంతను వారసత్వ సంతగా ప్రకటించాలి. అక్కడ అమ్మేవాళ్లను కదపకూడదు. వేరే చోట అమ్మేవాళ్లను కదపాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుపోతే, ఏమేం తీసుకున్నారో రాసి, సంతకం చేసి, ఆ కాగితం అమ్మే ఆమె చేతికి ఇవ్వాలి. పాడయ్యే సరుకు అయితే, ఆమె అడిగిన రోజే తిరిగి ఇవ్వాలి. కాగితంలో 10 కిలోల టమాటాలు అని ఉందా, 5 కిలోలు అని ఉందా? అక్కడే నిలబడి చదువుకోవాలి.