ఒక పక్కే ముక్కు దిబ్బడ: పనిచోటి దుమ్ము గురించి ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా నాన్నకు 54 ఏళ్లు. పద్దెనిమిదో ఏట నుంచి వడ్రంగి పనే. డోర్నకల్‌లో సొంత షాపు ఉంది. దర్వాజాలు, తలుపులు, మంచాలు చేస్తాడు. ఎక్కువగా టేకు, అప్పుడప్పుడు నల్లమద్ది. ఆరు నెలల నుంచి కుడి ముక్కు దిబ్బడ వేసి ఉంటోంది. పొద్దున చీదితే దస్తీ మీద నెత్తుటి చార కనబడుతోంది. ఊళ్లో ఆర్‌ఎంపీ రెండుసార్లు జలుబు బిళ్లలు, చుక్కల మందు ఇచ్చాడు, తగ్గలేదు. "దుమ్ములో బతికేటోళ్లకు ఇది మామూలే బిడ్డా" అంటాడు నాన్న. కట్టె దుమ్ముతో కేన్సర్ వస్తుందని ఎవరో చెప్పారు. నిజమేనా? నాకు భయంగా ఉంది.
- ఒక పాఠకురాలు, డోర్నకల్

జవాబు: అమ్మా, ముందు చేయవలసిన పని చెప్తాను, కారణాలు తర్వాత. ఈ వారంలోనే నాన్నగారిని ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. మహబూబాబాద్ ప్రభుత్వాసుపత్రి గానీ, ఖమ్మం గానీ, వరంగల్ ఎంజీఎం గానీ, మీకు ఏ రైలు అనుకూలమైతే అక్కడికి వెళ్లండి. ముక్కులోకి సన్నటి గొట్టం కెమెరా పెట్టి చూసే ఎండోస్కోపీ పరీక్ష చేయమని మీరే అడగండి. కొద్ది నిమిషాల పని అది. లోపల కండ పెరిగినట్టు కనిపిస్తే సీటీ స్కాన్ తీసి, చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. ఎండోస్కోపీ కూడా లేకుండా మరో కోర్సు యాంటీబయాటిక్ వాడి చూద్దాం అంటే మాత్రం ఒప్పుకోకండి.

ఇది కేన్సరేనని నేను అనడం లేదు. ముక్కు పాలిప్‌లు, సైనస్‌లో ఫంగస్, చెరువుల్లో మునిగేవాళ్లకు వచ్చే రైనోస్పోరిడియోసిస్ అనే ఎర్రటి కండ, ఇవన్నీ దిబ్బడ వేయిస్తాయి, కొన్ని నెత్తురూ కారుస్తాయి. ముక్కు, సైనస్ కేన్సర్ అసలే అరుదు. చాలా దేశాల్లో ఏడాదికి లక్ష మందిలో ఒకరికో, అంతకన్నా తక్కువ మందికో వస్తుంది. కానీ మీ ఉత్తరంలో నాలుగు సంగతులు ఒక్కచోట చేరాయి: దిబ్బడ ఒక పక్కే ఉంది, నెత్తురు పడుతోంది, వయసు యాభై దాటింది, ముప్పై ఆరేళ్లుగా కట్టె పని. మామూలు జలుబు, అలర్జీ సాధారణంగా రెండు పక్కలా పట్టుకుంటాయి, వారాల్లో తగ్గుతాయి, లేదా రుతువును బట్టి వస్తూ పోతూ ఉంటాయి. ఆరు నెలలుగా ఒకే పక్క తిష్ఠ వేసిన దిబ్బడను లోపలికి చూడకుండా జలుబు అనడానికి వీల్లేదు.

ఇక మీ ప్రశ్న. నిజమే. కట్టె దుమ్ముకూ ముక్కు కేన్సర్‌కూ ఉన్న సంబంధం ఊహాగానం కాదు. ఇంగ్లండ్‌లో హై వికోమ్ అనే ఊరు కుర్చీల తయారీకి పేరు. అక్కడి ఈఎన్‌టీ సర్జన్ ఎస్మీ హాడ్‌ఫీల్డ్ దగ్గరికి ముక్కు కేన్సర్‌తో వస్తున్నవాళ్లలో ఫర్నిచర్ పనివాళ్లు అసాధారణంగా ఎక్కువగా ఉన్నారు. ఆక్స్‌ఫర్డ్‌లోని డొనాల్డ్ అచిసన్ తదితరులతో కలిసి ఆమె లెక్కలు తీసింది. 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన ఆ వ్యాసంతో ప్రపంచానికి ఈ సంగతి గట్టిగా తెలిసింది. అదంతా మొదలైంది పేషెంటును "నువ్వేం పని చేస్తావు?" అని అడగడంతో. మన ఓపీల్లో ఈ ప్రశ్న ఎంతమంది అడుగుతున్నారో ఆలోచిస్తే బాధగా ఉంటుంది. 1995లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ కట్టె దుమ్మును మొదటి వర్గంలో, అంటే మనుషులకు కేన్సర్ తెస్తుందని రుజువైనవాటిలో చేర్చింది. పొగాకు, ఆస్‌బెస్టాస్ కూడా ఆ వర్గంలోవే.

ఆకులు వెడల్పుగా ఉండే చెట్ల గట్టి కలప దుమ్ముతో ముప్పు బాగా ఎక్కువ. ఐరోపాలో ఎక్కువగా పరిశోధన జరిగింది బీచ్, ఓక్ కలప మీద. మన టేకు, నల్లమద్ది, వేగిస కూడా గట్టి కలప జాతివే కనుక అదే జాగ్రత్త వీటికీ పాటించాలి. ఈ దుమ్ముతో వచ్చే కేన్సర్‌లో ఎక్కువ భాగం కళ్ల మధ్య, ముక్కు పైభాగాన ఉండే ఎథ్మాయిడ్ గాలిగదుల్లో పుడుతుంది. అక్కడికీ కంటికీ మధ్య ఉన్న ఎముక కాగితమంత పలచన. పైన మెదడు. అందుకే ఆలస్యం అంత ప్రమాదం. కన్ను ఉబ్బడం, ఒకటి రెండుగా కనబడటం, ఒకే కంట్లో ఊరికే నీళ్లు కారడం, చెంప తిమ్మిరి, పై దవడ పళ్లు కదలడం, వాసన తెలియకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఒక్క రోజు కూడా ఆగవద్దు.

ముందుగా పట్టుకుంటే చాలామందికి ముఖం మీద కోత లేకుండా ముక్కు లోంచే ఆపరేషన్ చేసి, అవసరాన్ని బట్టి రేడియేషన్ ఇస్తారు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. కార్డు వెంట పెట్టుకోండి. డబ్బు గురించి ఇప్పుడే కుంగిపోకండి.

ప్రశ్న: మాది కూడా వడ్రంగి పనే. నాకు 27 ఏళ్లు, ఏ ఇబ్బందీ లేదు. నేను చేసేది ఎక్కువగా ప్లైవుడ్, ఎండీఎఫ్ కప్‌బోర్డులు. అది అసలు కట్టె కాదు కదా, మాకు భయం లేనట్టేనా? మూతికి తువ్వాల కట్టుకుంటాను.
- గార్ల

జవాబు: తమ్ముడూ, భయం లేదనుకోవద్దు. ప్లైవుడ్, ఎండీఎఫ్ కట్టెతోనే చేస్తారు. ఎండీఎఫ్‌ను కోస్తే లేచే దుమ్ము మరీ సన్నం. పైగా వాటిని అతికించే జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. అదీ మొదటి వర్గంలోదే. ముక్కు వెనక గొంతు పైభాగంలో వచ్చే కేన్సర్‌కు దానితో సంబంధం తేలింది.

ఏ దుమ్ము చెడ్డదో తెలుసుకో. రందా కొట్టినప్పుడు కాళ్ల దగ్గర పడే చుట్టల వల్ల ముక్కుకు పెద్దగా హాని లేదు. సాండింగ్ మిషన్‌తో నునుపు చేసేటప్పుడు లేచి, కిటికీ వెలుతురులో తేలుతూ, సాయంత్రానికి కనురెప్పల మీద పేరుకునే ఆ సన్నటి దుమ్మే అసలు శత్రువు. నువ్వు ఒక గంట ఉప్పు కాగితం పట్టిన తర్వాత చీది చూడు, రంగు నీకే తెలుస్తుంది. యూరోపియన్ యూనియన్ గట్టి కలప దుమ్ముకు పెట్టిన హద్దు 2023 నుంచి ఘనపు మీటరు గాలికి 2 మిల్లీగ్రాములు. తలుపులు మూసిన చిన్న షాపులో సాండింగ్ మిషన్ నడిస్తే ఆ హద్దు దాటిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

తువ్వాల ఆ దుమ్మును ఆపదు. ఎన్95 మాస్క్ కొనుక్కో. గడ్డం ఉంటే మాస్క్ ముఖానికి అతుక్కోదు, ఆ సందులోంచి దుమ్ము వెళ్తుంది. మిషన్‌కు దుమ్ము సంచీ గానీ, వాక్యూమ్ గొట్టం గానీ తగిలించు. వీలైతే ఆ పని ఆరుబయట, గాలి నీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి చేసుకో. అన్నిటికన్నా ముఖ్యంగా, పని అయ్యాక బ్లోయర్‌తో బల్లా, బట్టలూ ఊదుకోవడం మానెయ్. రోజంతా మాస్క్ పెట్టుకొని చివర్లో అలా ఊదితే, కిందపడ్డ దుమ్మంతా మళ్లీ ముక్కులోకే. నీళ్లు చల్లి ఊడ్చు, తడిగుడ్డతో తుడువు. మరిగించి చల్లార్చిన ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కుంటే హాయిగా ఉంటుంది గానీ, అది మాస్క్‌కు బదులు కాదు. బీడీ, సిగరెట్టు ఉంటే ఈ రోజే మానెయ్, ముక్కు కేన్సర్‌కు పొగాకు కూడా ఒక కారణం. దుమ్ము పీల్చడం మొదలైనప్పటి నుంచి జబ్బు బయటపడేదాకా ఇరవై నుంచి నలభై ఏళ్లు పట్టవచ్చు. ఇరవై ఏడేళ్లకు ఇబ్బంది లేకపోవడం ధైర్యం చెప్పే మాట కాదు, జాగ్రత్తపడటానికి దొరికిన సమయం.

ప్రశ్న: సీజన్‌లో మిర్చి తొడిమలు తీసే కూలికి పోతాను. ఘాటుకు ముక్కు మండి, తుమ్ములు ఆగవు. ఇది కూడా కేన్సర్ అవుతుందా?
- కురవి

జవాబు: అక్కా, కాదు. ముక్కు కేన్సర్‌కు కారణాలని తేలినవాటిలో మిరప ఘాటు లేదు. ఆ మంట క్యాప్సైసిన్ వల్ల, పని ఆగితే తగ్గుతుంది. పిల్లికూతలు, ఆయాసం ఉంటే మాత్రం ఆస్తమా ఏమో చూపించుకోండి. తడిపిన బట్ట కన్నా మాస్క్ మేలు, గాలి ఆడే చోట కూర్చోండి.

ప్రశ్న: మా తాత, నాన్న తోలు పని చేసేవాళ్లు. నేను స్టెయిన్‌లెస్ స్టీల్ గేట్లు వెల్డింగ్ చేస్తాను. మాకూ ఈ ముప్పు ఉందా? జబ్బు వస్తే నష్టపరిహారం ఏమైనా వస్తుందా?
- డోర్నకల్

జవాబు: తోలును గీకి, నునుపు చేసేటప్పుడు లేచే దుమ్ము కూడా ముక్కు కేన్సర్‌కు కారణమని రుజువైంది. ఇంగ్లండ్‌లో నార్తాంప్టన్‌షైర్ బూట్ల పనివాళ్లలో ఇది కనిపెట్టిందీ అచిసన్ బృందమే. స్టెయిన్‌లెస్ స్టీల్ పొగలో నికెల్, క్రోమియం ఉంటాయి. వెల్డింగ్ పొగ ఊపిరితిత్తుల కేన్సర్ తెస్తుందని తేలింది, నికెల్ శుద్ధి చేసే కర్మాగారాల్లో ముక్కు కేన్సర్లు బయటపడ్డాయి. మూసిన షెడ్డులో వెల్డింగ్ చేయకండి, పొగ ముఖం మీదికి రాకుండా పక్కకు లాగే ఫ్యాన్ పెట్టించండి.

పరిహారం విషయానికొస్తే, ఫ్యాక్టరీల భద్రతా చట్టంలోని జబ్బుల షెడ్యూలులో వృత్తి వల్ల వచ్చే కేన్సర్ ఉంది, అలాంటి కేసు చూసిన డాక్టరు ఫ్యాక్టరీల అధికారికి తెలియజేయాలి. కానీ ముగ్గురు నలుగురు పనిచేసే షాపు ఆ చట్టం లెక్కలో ఫ్యాక్టరీ కాదు. మన వడ్రంగులు, వెల్డర్లలో ఎక్కువమంది అలాంటి షాపుల్లోనే ఉన్నారు. ఇది అన్యాయం, మారాలి. అందాకా మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. ఏ ఆసుపత్రికి వెళ్లినా ఓపీ చీటీ మీద మీ పని ఏమిటో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో రాయించండి. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పి రాయించండి.