ట్రాక్టరు భాగములు: చెడకముందు మార్చవలెనా, చెడిన పిమ్మటనా?

సంఘపు ట్రాక్టరు విషయమై కార్యవర్గ సమావేశములలో ప్రతి వేసవియందును ఒక వాదము బయలుదేరును. “పనిచేయుచున్న సామానును తీసి పారవేయుట యెందులకు? చెడిననాడు చూచుకొందము” అని కొందరందురు. “నడిదమ్ములో ఆగిపోయిన నెవరు జవాబుదారి? అన్నియు ముందే మార్చివేయుడు” అని మరికొందరందురు. ఈ రెండు మాటలును కొన్ని భాగముల విషయమున సరియైనవే, మరికొన్నిటి విషయమున తప్పే. ఏ భాగమున కేది చెల్లునో తెలిసికొనుటకే ఈ పాఠము.

మొదట నేను కన్నులార చూచిన సంగతి నొకటి చెప్పెదను. కృష్ణా డెల్టాలో కాలువ చివరి భూములుగల యొక గ్రామమున సార్వాకు సంఘపు ట్రాక్టరు దమ్ము చేయుచుండెను. దాని ఫ్యానుబెల్టు అంచులు చివికి, లోపలివైపు పగుళ్లు విచ్చియుండెను. డ్రైవరు దానిని జూపి యడిగినప్పుడు “ఈ సార్వా గడవనిమ్ము” అని కార్యవర్గమువారు చెప్పిరి. వేసవిలో ఆ బెల్టును నేనును చూచితిని. చూచియు గట్టిగా చెప్పనైతిని. దమ్ము మొదలిడిన మూడవనాడు అది తెగినది. ఆ ఇంజనులో ఫ్యానును, నీటిపంపును త్రిప్పునది ఆ యొక్క బెల్టే. ఎఱ్ఱదీపము వెలిగినను డ్రైవరు “ఈ మడి ముగించి యాపుదము” అని మరి పది నిమిషములు నడపెను. నీరు మరగి, సిలిండరు హెడ్డు వంగి, గ్యాస్కెట్టు కాలిపోయినది. హెడ్డును పట్టణమునకు గొనిపోయి, చదును చేయించి, తెచ్చి బిగించుటకు 5 దినములు పట్టెను. ఆలోపల కాలువ వంతు దాటిపోయెను. చేతిలో సొమ్ముగలవారు బయటి ట్రాక్టరును బాడుగకు తెచ్చుకొనిరి. ఎకరమో, ఎకరమున్నరయో గలవారు నారుమడిలో నారు ముదురుచుండగా చూచుచు కూర్చుండిరి. సంఘము ట్రాక్టరు కొన్నది వారికొరకే గదా!

ఒక భాగమును ముందుగా మార్చవలెనా యని తలచినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. అది వాడుకొలది అరుగునదియా? చెడినచో తనతోపాటు మరి దేనిని చెరచును? చెడబోవుచున్నట్లు ముందుగా తెలుపునా? ఫ్యానుబెల్టు రబ్బరుతో చేసినది గనుక వేడికిని రాపిడికిని క్రమక్రమముగా క్షీణించును. తెగినచో ఇంజనునే చెరుపగలదు. పగుళ్లవలన హెచ్చరిక చేయును గాని ఏ గంటకు తెగునో చెప్పదు. అట్టిదానిని ముందుగా మార్చుటే మేలు. ఫ్యూజు సంగతి వేరు. అది పాతబడుటచేత గాక, తీగెలలో దోషము కలిగినప్పుడు కాలిపోవును. ఏటేట క్రొత్తవి వేసినందున లాభమేమియు లేదు. పనిముట్ల పెట్టెలో నాలుగు విడి ఫ్యూజులుంచిన చాలును.

బెల్టు విషయమున ఒక లెక్క వేసికొందము. ఈ అంకెలు లెక్క తెలియుటకు మాత్రమే. మీ ఊరి ధరలను వాని స్థానమున వేసికొనవచ్చును. బెల్టు వెల 500 రూపాయలనియు, అది మూడేండ్లు మన్నుననియు అనుకొందము. రెండేండ్లకే తీసివేసినచో మూడవవంతు ఆయువు, అనగా సుమారు 167 రూపాయలు, నష్టము. దమ్ములో తెగినచో ఒక దినము పని పోవుననుకొందము. 8 గంటలు, గంటకు 1000 రూపాయల చొప్పున 8000 రూపాయలు. ఈ 167ను 8000తో పోల్చినచో, ఆ మూడవయేట బెల్టు తెగు అవకాశము 48లో ఒక వంతునకు మించినంతనే ముందుగా మార్చుట లాభకరమని తేలును. హెడ్డు చెడుట ఈ లెక్కలో చేర్చనే లేదు. మరియొక సంగతి: తీసిన బెల్టు తెగకుండ బాగుగానున్నచో పారవేయరాదు. దానిని సీటుక్రింద నుంచినచో ఆపదలో ఆ దినము గడపును. అప్పుడా 167 రూపాయలును పూర్తిగా నష్టము కావు.

ఇంతమాత్రమున అన్నియు మార్చివేయుడని నా యభిప్రాయము కాదు. 1978లో అమెరికాలోని యునైటెడ్ ఎయిర్‌లైన్సు అను విమానసంస్థకు చెందిన నౌలన్, హీప్ అను నిరువురు ఆ దేశపు రక్షణశాఖకై ఒక నివేదిక వ్రాసిరి. విమానభాగములలో వయస్సు ముదిరినకొలది చెడు అవకాశము పెరుగునవి నూటికి 11 మాత్రమే యని వారు కనుగొనిరి. నూటికి 68 భాగములు క్రొత్తగా బిగించిన దినములలోనే ఎక్కువగా చెడునవి; ఆ గండము గడచినచో పిమ్మట వాని గతి నిలుకడగా నుండును. ట్రాక్టరు విమానము కాదు. విమానమునందైనను టైరులు, బ్రేకులువంటి సాదా భాగములు అరిగియే చెడును. అయినను ఆ పరిశోధనలో మనకు పనికివచ్చు మాట యొకటి కలదు: క్రొత్తదన్న మాత్రమున నమ్మరాదు. అంగడిలో నకిలీ సామాను కలదు. బిగించువాడు ఒక బోల్టును వదులుగా విడువవచ్చును. డీజిలు పంపును విప్పినప్పుడు ధూళి లోనికి పోవచ్చును. కావున ఇంజను తేలికగా స్టార్టగుచు, నల్లపొగ రాకుండ, బలము తగ్గకుండ నడచుచున్నచో “ఎందుకైన మంచిది” అని డీజిలు పంపును విప్పించుట మేలుకు బదులు కీడు చేయును.

మార్చవలసిన వానిని మార్చుటకు తగిన కాలము వేసవిలో కాలువలు కట్టియున్న దినములు. దమ్మునకు ముందునాటి సాయంకాలము మార్చరాదు. క్రొత్తభాగమునకు దోషమున్నచో అది వేసవిదుక్కిలో బయటపడవలెను. నీరు వచ్చినపిమ్మట బయటపడరాదు.

ఇంజను ఆయిలు, దాని ఫిల్టరు విషయమున వాదమే లేదు. ట్రాక్టరుతో వచ్చిన పుస్తకములో చెప్పిన గంటలకు మార్చవలెను; అనేక పుస్తకములలో అది 250 గంటలు. గాలి ఫిల్టరును గంటలకంటె దుమ్మునుబట్టి చూచుకొనవలెను. దమ్ము ముగిసినపిమ్మట ముందుచక్రముల ఆయిలు సీళ్లను తప్పక పరీక్షింపవలెను, ఏలయన బురద లోపలికి చేరినచో బేరింగులు మిగులవు.

క్లచ్చిప్లేటు తన స్థితిని తానే తెలుపును. ఇంజను మ్రోత హెచ్చినను ట్రాక్టరు లాగకున్నచో ప్లేటు అరిగినదని గ్రహింపవచ్చును. అంతవరకు వేచియుండవచ్చును. కాని దానిని మార్చుటకు ట్రాక్టరును నడిమికి విడదీయవలెను. వ్యయములో పెద్దవంతు ఆ కూలిదే. కావున విప్పిననాడే దాని ప్రక్కనున్న రిలీజు బేరింగును కూడ మార్చవలెను. బేరింగు ఇంకను బాగుగానున్నదని ఆదాచేసి, ఆరు మాసములకు మరల విడదీయించి, కూలి రెండుమారులు చెల్లించినవారిని నేనెరుగుదును.

బ్రేకులు, స్టీరింగు కీళ్లు, హైడ్రాలికు గొట్టములు, వీనికి పై రూపాయల లెక్క చెల్లదు. బస్తాల ట్రక్కు తగిలించి కాలువవంతెన దిగునప్పుడు బ్రేకు తప్పినచో నష్టమును ఏ పద్దులో వ్రాయుదుము? వీనిని చెడువరకు ఉంచు మాటే యుండరాదు. హైడ్రాలికు గొట్టము కారుచున్నదేమో చేతితో తడవి చూడరాదు. సూదిమొనవంటి ఆయిలుధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. అట్ట ముక్కను అడ్డముంచి చూడవలెను.

సభ్యులలో కారుగలవా రిదే దృష్టితో తమ కారు పుస్తకమును చూచుకొనవలెను. కొన్ని కారులలో వాల్వులను నడపునది రబ్బరు టైమింగుబెల్టు. అనేక ఇంజనులలో అది తెగిన క్షణముననే పిస్టనులు వాల్వులను కొట్టి విరుచును. అది కవరు చాటున నుండుటచే పగుళ్లు సాధారణముగా కంటబడవు. పుస్తకములోని కిలోమీటరులు గాని, ఏండ్లు గాని, ఏది ముందు వచ్చినను అప్పుడు మార్చవలెను. ట్రాక్టరులలో ఈ పనికి పెక్కింటికి పండ్లచక్రములే యుండుటచే ఆ భయము లేదు.

పై యాలోచనలన్నిటికిని గంటల పద్దు ఆధారము. సొంత ట్రాక్టరుగలవానికి జ్ఞాపకమే చాలునేమో. సంఘపు ట్రాక్టరును ముగ్గురు డ్రైవరులు నడపుదురు. ఆయిలు మార్చినది రెండవవాడని మొదటివాడును, మొదటివాడని రెండవవాడును అనుకొందురు. కావున ప్రతి మార్పునకును తేదీ, మీటరుమీది గంటలు, భాగము పేరు, వెల, చెడిన పిమ్మట మార్చినదో ముందుగా మార్చినదో, అమర్చినవాని పేరు, ఇవి ఒక పుస్తకములో వ్రాయవలెను. వేసవి సమావేశమునకు డ్రైవరులనుగూడ పిలిచి, ఆ పుస్తకమును ఎదుటనుంచుకొని, సార్వాకు ముందు మార్చవలసిన వానిని తీర్మానింపవలెను.